విడదీసిన పెట్టెలు, తప్పిన తేదీలు: ఒక పరిశోధకుడి సేకరణను డిజిటల్ ఆర్కైవులో చేర్చిన కేస్ స్టడీ

ఈ కేసు ఒక వృక్షశాస్త్ర పరిశోధకుడు వదిలివెళ్లిన సేకరణకు సంబంధించినది. ఆయన 1971 నుంచి 2004 వరకు ఒకే కొండ ప్రాంతానికి ఏటా వెళ్లి, ఏ చెట్టు ఏ రోజున చిగురు తొడిగింది, ఎప్పుడు పూత పట్టింది, ఎప్పుడు ఆకు రాల్చింది అన్న వివరాలను తప్పకుండా రాసుకున్నారు. దానితోపాటే అక్కడి పెద్దలు మొక్కలను పిలిచే పేర్లను, రుతువుల రాకను వారు పసిగట్టే గుర్తులను వారి మాటల్లోనే క్యాసెట్లకు ఎక్కించారు. ఆయన మరణానంతరం కుటుంబ సభ్యులు ఆ సామగ్రి మొత్తాన్ని మా ఆర్కైవుకు అప్పగించారు. అందులో డిజిటల్ పరిరక్షణ బాధ్యత నాది. రికార్డింగుల్లో మాట్లాడిన మనుషుల గోప్యత దృష్ట్యా పరిశోధకుడి పేరును, ఆ ప్రాంతాన్ని, మా సంస్థను ఇక్కడ ప్రస్తావించడం లేదు. పని జరిగిన క్రమాన్ని, మేము చేసిన ఒక పెద్ద పొరపాటును, దానిని సరిదిద్దుకున్న తీరును మాత్రం దాచకుండా రాస్తున్నాను.

మొత్తం 19 పెట్టెలు వచ్చాయి. 34 క్షేత్ర పుస్తకాలు, ఇతర పరిశోధకులతో సాగిన ఉత్తరాల ఫైళ్లు, చేతితో గీసిన పటాలు, అట్ట చట్రాలలో బిగించిన 35 మిల్లీమీటర్ల స్లైడ్లు, ఆయన గురువుగారి నుంచి వచ్చిన కొన్ని గాజు నెగటివ్‌లు, 52 క్యాసెట్లు, రెండు సైజుల ఫ్లాపీలు, ఒక హార్డ్ డిస్కు, వ్యాసాల ప్రూఫులు, ఆయన చివరి ఏళ్లలో వాడిన ఈమెయిల్ ఖాతా నుంచి కుటుంబం దించి ఇచ్చిన ఫైలు వాటిలో ఉన్నాయి. కొన్ని క్షేత్ర పుస్తకాల పేజీల మధ్య ఎండిన ఆకులు ఉన్నాయి, కొన్నిటిలో వర్షపాతం లెక్కలు రాసిన చీటీలు అతికించి ఉన్నాయి. ఆయన 1990ల చివర నడిపిన చిన్న వెబ్‌సైటు అప్పటికే మాయమైంది. అయితే దాని పేజీలు కొన్ని పాత వెబ్ పేజీల నకళ్లను దాచి చూపే, ఇంటర్నెట్ ఆర్కైవు వారి వేబ్యాక్ మెషీన్‌లో మిగిలి ఉన్నాయని పని మొదలైన రెండో వారంలో తెలిసింది.

డిజిటల్ ఆర్కైవు అనగానే స్కాన్ చేసిన పాత పుస్తకాలే చాలామందికి మనసులో మెదులుతాయి. నిజానికి ఈ రంగంలో పెద్దవిగా నిలిచిన భాండాగారాలు ఒక్కొక్కటీ ఒక్కో రకం సామగ్రి చుట్టూ పెరిగాయి. పాల్ గిన్స్‌పార్గ్ 1991లో ప్రారంభించిన 'ఆర్కైవ్' (arXiv) అనే వెబ్ భాండాగారం ఇంకా అచ్చు కాని భౌతికశాస్త్ర వ్యాసాలతో మొదలైంది. బ్రూస్టర్ కాలే 1996లో స్థాపించిన ఇంటర్నెట్ ఆర్కైవు వెబ్ పేజీలతో మొదలైంది. 2004లో బ్రిటిష్ లైబ్రరీ మొదలుపెట్టిన ఎన్‌డేంజర్డ్ ఆర్కైవ్స్ ప్రోగ్రామ్ శిథిలమవుతున్న రాతప్రతులను, పాత దస్త్రాలను అవి ఉన్న చోటనే డిజిటల్ ప్రతులుగా మారుస్తుంది. 2008లో వెలుగు చూసిన యూరోపియానా అనేక దేశాల మ్యూజియంలు, గ్రంథాలయాలలోని వస్తువుల వివరాలను ఒకే చోట వెతకడానికి వీలు కల్పిస్తుంది. ఐరోపా కణ భౌతికశాస్త్ర పరిశోధన సంస్థ సెర్న్ 2013 నుంచి నడుపుతున్న జెనోడోలో దత్తాంశాలు, సాఫ్ట్‌వేర్ కూడా నిలవ ఉంటాయి. ఈ వైవిధ్యమంతా వేర్వేరు సంస్థల మధ్య పంచుకున్నది. మా ముందుకు వచ్చిన చిక్కు ఏమిటంటే, ఆ రకాలన్నీ ఒకే మనిషి జీవితంలో, ఒకే ప్రశ్న చుట్టూ, ఒకదానికొకటి ఆధారమై పోగుపడి ఉన్నాయి.

మేము చేసిన మొదటి నిర్ణయమే పొరపాటు. పని వేగంగా సాగుతుందన్న ఉద్దేశంతో సామగ్రిని మాధ్యమాన్ని బట్టి విడదీశాం. పుస్తకాలు, ఉత్తరాలు స్కానింగ్ విభాగానికి, స్లైడ్లు ఫోటోల విభాగానికి, క్యాసెట్లు ధ్వని విభాగానికి, ఫ్లాపీలు నా బల్ల మీదికి చేరాయి. చాలా సంస్థల్లో పని ఇలాగే జరుగుతుంది, అందుకు కారణమూ ఉంది: గాజు నెగటివ్‌ను పట్టుకునే చేతికి, క్యాసెట్ ప్లేయరును సరిచేసే చేతికి కావలసిన నేర్పు ఒకటి కాదు. ఆ పంపకం కాగితం మీద సంతకం పెట్టింది నేనే.

ఒకరి దగ్గర పుట్టిన పత్రాలను మరొకరి పత్రాలతో కలపరాదన్న నియమం ఫ్రాన్స్ ప్రభుత్వ ఆర్కైవుల్లో 1841లోనే అమల్లోకి వచ్చింది. పత్రాలను వాటి కర్త ఉంచిన క్రమంలోనే ఉంచాలన్న సూత్రాన్ని డచ్ ఆర్కైవిస్టులు ముగ్గురు, ముల్లర్, ఫైత్, ఫ్రూయిన్, 1898లో తమ కరదీపికలో స్థిరపరిచారు. ఈ రెండు సూత్రాలూ మాకు తెలియనివి కావు. కానీ పెట్టెలోని కాగితాల దొంతరకు వర్తించే మూలక్రమం, అదే పెట్టెలో కాగితం పక్కన పడి ఉన్న ఫ్లాపీకి కూడా వర్తిస్తుందని ఆ రోజు మేము ఆలోచించలేదు. మమ్మల్ని ఆదుకున్నది ఒక్కటే. పెట్టెలు తెరిచిన రోజున, పై నుంచి పొర పొరకూ ఒక ఫోటో తీసి ఉంచాం. ఆ ఫోటోలే తరువాత మాకు దారి చూపాయి.

మూడో నెలలో సమస్య బయటపడింది. ఫ్లాపీలలో దొరికిన స్ప్రెడ్‌షీట్లను నేను ఏ యంత్రంలోనైనా తెరుచుకునే సాదా పాఠ్య పట్టికలుగా మార్చి, చెట్ల పూత తేదీల పట్టికను సిద్ధం చేశాను. అదే సమయంలో మా సహోద్యోగిని ఒకరు క్షేత్ర పుస్తకాలను చదివి ఎత్తిరాస్తున్నారు. ఒక చెట్టు పూత పట్టిన రోజు పుస్తకంలో 1988 జూన్ 15 అని ఉంటే, నా పట్టికలో అదే చెట్టుకు, అవే కొలతలతో, 1984 జూన్ 14 అని ఉన్నట్లు ఆమె గమనించారు. మొదట అది రెండు వేర్వేరు ఏళ్ల పరిశీలన కావచ్చనుకున్నాం. మరో పది వరుసలు పోల్చి చూస్తే ప్రతి చోటా తేడా సరిగ్గా 1,462 రోజులే వచ్చింది.

ఆ అంకె చూడగానే విషయం అర్థమైంది. స్ప్రెడ్‌షీట్ తేదీని తేదీగా దాచుకోదు. ఒక ఆది దినం నుంచి ఎన్ని రోజులు గడిచాయో ఆ సంఖ్యను దాచుకుని, తెర మీద మాత్రం తేదీగా చూపుతుంది. ఒక రకం కంప్యూటర్లలో ఆ లెక్క 1900 సంవత్సరం నుంచి, మరో రకం కంప్యూటర్లలో 1904 నుంచి మొదలయ్యేది. రెండు పద్ధతుల మధ్య తేడా నాలుగేళ్ల ఒక రోజు, అంటే 1,462 రోజులు. పరిశోధకుడు తన మొదటి కంప్యూటరులో రెండో పద్ధతిలో నమోదు చేసిన సంఖ్యలు, తరువాత కొన్న మరో రకం కంప్యూటరులోకి మారినప్పుడు మొదటి పద్ధతిలో చదవబడ్డాయి. ఫైలు చెడిపోలేదు. ఒక్క బిట్టు కూడా మారలేదు. ఫైలు మారిందో లేదో తెలిపే గుర్తు సంఖ్య అయిన చెక్‌సమ్ సరిచూస్తే అంతా సవ్యంగా ఉన్నట్లే చూపుతుంది. అయినా అలా చదవబడిన ప్రతి తేదీ తప్పు. డిజిటల్ పరిరక్షణలో నన్ను ఎక్కువగా భయపెట్టేది ఇటువంటి తప్పే, ఎందుకంటే దీనిని పట్టుకోవడానికి ఆ ఫైలు బయట ఉన్న సాక్ష్యం కావాలి.

అన్ని షీట్లలోనూ తప్పు ఉండి ఉంటే సరిదిద్దడం సులభమయ్యేది. కానీ ఒకే ఫైలులో కొన్ని వరుసలు పాత యంత్రం నుంచి వచ్చినవి, కొన్ని కొత్త యంత్రంలో నేరుగా నమోదైనవి. ఏది ఏదో తేల్చడానికి ప్రతి వరుసకూ బయటి ఆధారం వెతకవలసి వచ్చింది. క్షేత్ర పుస్తకం ఉన్న చోట అదే ప్రమాణమైంది. పుస్తకంలో తేదీ చెదిరిపోయిన చోట స్లైడ్లు ఉపయోగపడ్డాయి, ఎందుకంటే ఫిల్మును కడిగిన ల్యాబు నెల, సంవత్సరాన్ని స్లైడు అట్ట చట్రం మీద ముద్రించేది. దాని పక్కనే పరిశోధకుడు చెట్టు సంఖ్యను పెన్సిలుతో రాసుకున్నారు. ఇక్కడే మా మొదటి నిర్ణయం ఫలితం మళ్లీ ఎదురైంది. ఫోటోల విభాగం స్లైడ్లను ఎంతో నాణ్యంగా స్కాన్ చేసింది గానీ, వారికి ఇచ్చిన సూచనల ప్రకారం చట్రాన్ని కత్తిరించి బొమ్మను మాత్రమే ఉంచింది. వారి తప్పేమీ లేదు. చట్రం మీద రాతతో మరో విభాగానికి అవసరం పడుతుందని వారికి ఎవరూ చెప్పలేదు. స్లైడ్లన్నిటినీ చట్రంతో సహా, ముందువైపు, వెనుకవైపు మళ్లీ స్కాన్ చేశాం. కొన్ని తేదీలు ఉత్తరాల వల్ల తేలాయి. "ఈ ఏడు పూత పది రోజులు ముందే వచ్చింది" అని ఆయన ఒక మిత్రుడికి రాసిన కార్బన్ నకలు, ఒక షీటులోని 40 వరుసల సంవత్సరాన్ని నిర్ధారించింది.

ఇటువంటిదే మరో సంఘటన అక్షరాల విషయంలో జరిగింది. మొక్కల స్థానిక నామాలను ఉచ్చారణతో సహా రాయడానికి ఆయన ధ్వనిలిపి సంకేతాలు వాడారు. అన్ని లిపుల అక్షరాలకూ ఒకే సంకేత పద్ధతి అయిన యూనికోడ్ మొదటి వెర్షన్ 1991లో వచ్చినా, రోజువారీ సాఫ్ట్‌వేరులోకి అది చేరడానికి చాలా ఏళ్లు పట్టింది. ఆ లోపు ధ్వనిలిపికి ప్రత్యేక ఫాంట్లు వాడేవారు. వాటిలో ఇంగ్లీషు అక్షరం స్థానంలో ధ్వనిసంకేతం కూర్చుని ఉంటుంది. ఆ ఫాంటు లేకుండా ఫైలు తెరిస్తే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల గుంపు కనిపిస్తుంది. మాకు కనిపించిందీ అదే. ఫాంటు ఫైలు మాత్రం మరో ఫ్లాపీలో ఉంది, దానిని నేనే తొలి వడపోతలో "సాఫ్ట్‌వేర్, పరిశోధన విలువ లేదు" అని పక్కన పెట్టాను. పెట్టె ఫోటోలో ఆ రెండు ఫ్లాపీలు ఒకే రబ్బరు బ్యాండుతో చుట్టి ఉన్నాయి. ఆయన వాటిని జతగా ఉంచితే, మేము విడదీశాం. ఫాంటు దొరికిన తరువాత ఏ అక్షరం ఏ సంకేతమో పట్టిక వేసి యూనికోడ్‌లోకి మార్చాం. అనుమానం ఉన్న చోట అదే పేరును పెద్దలు పలికిన క్యాసెట్టును వినిపించుకుని సరిచూశాం. మూలఫైలును, ఫాంటును, మార్పిడి పట్టికను, కొత్త ఫైలును నాలుగింటినీ కలిపి భద్రపరిచాం.

ఆ తరువాత పని పద్ధతిని పూర్తిగా మార్చాం. పెట్టె ఫోటోల ఆధారంగా ప్రతి వస్తువుకూ అది ఏ పెట్టెలో, ఏ పొరలో, దేని పక్కన ఉండేదో తెలిపే సంఖ్య ఇచ్చాం. విభాగాలుగా పనిచేయడం మానలేదు, మానడం సాధ్యమూ కాదు. కాకపోతే ఒక వస్తువు ఒక విభాగం చేతికి వెళ్లే ముందు, దానితో ముడిపడిన ఇతర వస్తువుల సంఖ్యలు దాని చీటీ మీద రాసి ఉండాలని నియమం పెట్టుకున్నాం. వస్తువుల వివరాలు నమోదు చేసే ప్రామాణిక పద్ధతి అయిన డబ్లిన్ కోర్ మెటాడేటాలోని 15 అంశాలలో 'సంబంధం' అనే గడి ఒకటి ఉంది. శీర్షిక, కర్త, తేదీ నింపి, ఈ గడిని ఖాళీగా వదిలేసే అలవాటు నేను పనిచేసిన ప్రతిచోటా చూశాను. మా కేటలాగులో ఇప్పుడు ఆ గడి ఖాళీగా ఉంటే రికార్డు ఆమోదం పొందదు. సంబంధం ఏదీ దొరకకపోతే, వెతికామని, దొరకలేదని రాయాలి.

ఇక ఒక్కో మాధ్యమంలో ఎదురైన సాంకేతిక విషయాలను క్లుప్తంగా చెబుతాను. ఫ్లాపీలను ఎప్పుడూ నేరుగా తెరవలేదు. పొరపాటున ఒక్క బైటు కూడా రాయకుండా అడ్డుకునే పరికరం ద్వారా డిస్కు మొత్తానికి ప్రతిబింబ ఫైలు తీసి, ఆ ఫైలు మీదనే పని చేశాం. ఫార్మాట్లను గుర్తించడానికి బ్రిటన్ జాతీయ ఆర్కైవుల వారి ప్రోనోమ్ పట్టిక, దాని ఆధారంగా పనిచేసే డ్రాయిడ్ పనిముట్టు ఉపయోగపడ్డాయి. ఫైలు పేరు చివరి అక్షరాలను నమ్మకూడదన్న సంగతి వాటి వల్ల పదే పదే రుజువైంది. స్కాన్ చేసిన బొమ్మలు కుదింపు లేని టిఫ్ ఫైళ్లుగా, వ్యాసాల ప్రూఫులు దీర్ఘకాల నిలవకు ఉద్దేశించిన పీడీఎఫ్/ఎ రూపంలో ఉన్నాయి. అతికించిన చీటీలున్న పేజీలను చీటీ మూసి ఒకసారి, తెరిచి ఒకసారి తీశాం. ఎండిన ఆకులను కదిలించలేదు. ఏ పేజీల మధ్య ఉన్నాయో నమోదు చేసి, వాటి ఫోటోను ఆ పేజీల సంఖ్యతో కలిపాం.

క్యాసెట్ల దగ్గర కాస్త ఆగాలి. 90 నిమిషాల క్యాసెట్టుకు 90 నిమిషాలూ కూర్చోవలసిందే, తొందరపెట్టే దారి లేదు. ప్రతి క్యాసెట్టుకూ ప్లేయరులో టేపును చదివే హెడ్డు వంపును స్వరం స్పష్టంగా వినబడే వరకు సరిచేసి, 96 కిలోహెర్ట్జ్, 24 బిట్ల నాణ్యతతో ధ్వనిని సేకరించాం. ఈ పనిలో అసలు కరువు టేపులకు కాదు, వాటిని చదివే యంత్రాలకు. 1966, 1967లలో లూనార్ ఆర్బిటర్ నౌకలు పంపిన చంద్రుడి చిత్రాల టేపులు దశాబ్దాల పాటు భద్రంగానే ఉన్నా, వాటిని చదవగల ఆంపెక్స్ యంత్రాలను బాగుచేసుకున్న తరువాతే 2008లో మొదటి చిత్రం తిరిగి వెలుగు చూసింది. ఆ సంగతి గుర్తు పెట్టుకుని, మేము ఒకే నమూనా ప్లేయర్లను మూడు సేకరించి, ఒకదానిని విడిభాగాల కోసం ఉంచాం.

ధ్వని సేకరించడం కంటే దానిని ఎవరికి వినిపించాలన్న ప్రశ్న మాకు కష్టమైంది. ఆ పెద్దలు 1970లలో, 1980లలో మాట్లాడింది తమకు పరిచయమున్న ఒక మనిషితో. తమ గొంతు ప్రపంచమంతా ఎవరైనా వినగలరన్న ఊహ వారికి ఉండే అవకాశమే లేదు. పరిశోధన సామగ్రి సులభంగా దొరకాలి, అందుబాటులో ఉండాలి, ఇతర సామగ్రితో కలవాలి, తిరిగి వాడుకోగలగాలి అని 2016లో ప్రచురితమైన ఫెయిర్ సూత్రాలు చెబుతాయి. ఆ సమాచారం ఎవరిదో ఆ సమూహానికి దాని మీద అధికారం, ప్రయోజనం ఉండాలని 2019లో రూపొందిన కేర్ సూత్రాలు చెబుతాయి. పుస్తకాలు, పట్టికలు, స్లైడ్ల విషయంలో మేము మొదటి సూత్రాలను, గొంతుల విషయంలో రెండో సూత్రాలను ముందు నిలిపాం. ప్రతి రికార్డింగు ప్రతినీ ముందుగా ఆ కుటుంబాలకు చేర్చి, వారు విని, అంగీకరించినవే అందరికీ తెరిచాం. కొన్నిటిలో మందు మొక్కలు దొరికే చోట్ల ప్రస్తావన ఉంది; వాటిని చదువరుల గదిలో అనుమతితో వినవచ్చు గానీ నెట్‌లో ఉంచలేదు. ఏడు క్యాసెట్లు ఎవరికీ తెరవలేదు. కేటలాగులో మాత్రం అవి ఉన్నట్లు, ఎందుకు మూసి ఉంచామో కారణంతో సహా కనిపిస్తుంది. ఈమెయిల్ ఫైలులో కుటుంబ విషయాలను, ఇతరుల వ్యక్తిగత వివరాలను మనుషులే కూర్చుని చదివి వేరుచేశారు. యంత్రం చేసిన వడపోత ఒక్కటే చాలదని మొదటి వంద లేఖల్లోనే తేలింది.

నిలవ విషయంలో చెప్పవలసినది తక్కువ. ఐఎస్ఓ 14721 ప్రమాణంగా ఉన్న, డిజిటల్ ఆర్కైవు ఎలా నడవాలో చెప్పే ఓఏఐఎస్ నమూనా చెప్పినట్లు, చేతికి వచ్చిన పొట్లం, భద్రపరచిన పొట్లం, చదువరికి ఇచ్చే పొట్లం మూడూ వేరుగా ఉంటాయి. ప్రతి పొట్లాన్నీ ఫైళ్లను వాటి జాబితాతో కలిపి ఉంచే బ్యాగిట్ పద్ధతిలో కట్టి, ప్రతి ఫైలుకూ ఎస్‌హెచ్‌ఏ-256 చెక్‌సమ్ రాసి, మూడు ప్రతులు ఉంచి, ఒకదానిని వేరే భవనంలో దాచాం. సరిదిద్దిన ప్రతి తేదీకీ ఎవరు, ఎప్పుడు, ఏ ఆధారంతో మార్చారన్న వివరం, పరిరక్షణ చర్యలను నమోదు చేసే ప్రెమిస్ పద్ధతిలో నమోదైంది. తప్పు తేదీలున్న మూలఫైలు ఉన్నది ఉన్నట్లే ఉంది. రేపు మా తీర్పే తప్పని ఎవరైనా తేల్చగలిగితే, వారికి ఆ ఫైలు కావాలి.

పూత తేదీల పట్టికను శాశ్వత గుర్తింపు సంఖ్యతో విడిగా ప్రచురించాం. దానితోపాటు ఉంచిన వివరణ పత్రంలో 1,462 రోజుల కథను మొత్తం రాశాం, ఎందుకంటే ఆ పరిశోధకుడు తన జీవితకాలంలో అదే ఫైలు నకళ్లను మరికొందరికి పంపి ఉండవచ్చు. అలాంటి నకలు ఎవరి దగ్గరైనా ఉంటే, వారు తమ తేదీలను సరిచూసుకోగలగాలి. క్షేత్ర పుస్తకాల అంచుల్లో రాసిన వర్షపాతం అంకెలను కూడా ఎత్తిరాయాలా వద్దా అని మాలో చర్చ జరిగింది, అవి ఆయన పరిశోధనాంశం కావు గనుక. నేను రాయాలనే వాదించాను. మొదటి ప్రపంచ యుద్ధకాలపు బ్రిటిష్ నౌకాదళం లాగ్ పుస్తకాలను 2010లో మొదలైన ఓల్డ్ వెదర్ ప్రాజెక్టులో వేలమంది స్వచ్ఛంద కార్యకర్తలు ఎత్తిరాశారు. నౌక నడిచిన తీరును నమోదు చేయడానికి రాసిన ఆ పుస్తకాల్లోని గాలి, పీడనం, ఉష్ణోగ్రతల అంకెలు నూరేళ్ల తరువాత వాతావరణ పరిశోధనకు దత్తాంశమయ్యాయి. అంచుల్లోని వర్షపాతం ఇప్పుడు వేరే పట్టికగా ఉంది, ఏ పుస్తకం, ఏ పేజీ అన్న సంఖ్యతో.

వెబ్‌సైటు పేజీలను వేబ్యాక్ మెషీన్ నుంచి చూసి, అక్కడి చిరునామాలను, అవి సేకరించిన తేదీలను మా కేటలాగులో నమోదు చేశాం. అందులో రెండు పటాలు ఉన్నాయి, వాటి కాగితపు మూలాలు పెట్టెల్లో ఎక్కడా లేవు. హార్డ్ డిస్కు తిరగడం లేదు. దానిని ప్రత్యేక ప్రయోగశాలకు పంపేందుకు అనుమతి వచ్చే వరకు స్థిరవిద్యుత్తు తగలని సంచిలో ఉంచాం, కేటలాగులో దానికీ ఒక సంఖ్య, "చదవలేకపోయాం" అన్న వాక్యం, ప్రయత్నించిన తేదీలు ఉన్నాయి.

ఒక షీటు మాత్రం ఇప్పటికీ తేలలేదు. అందులోని 212 వరుసలకు క్షేత్ర పుస్తకం లేదు, స్లైడ్లు లేవు, ఉత్తరాల్లోనూ ఊసు లేదు. 1904 లెక్కనా, 1900 లెక్కనా అన్నది ఆ ఫైలును చూసి మాత్రమే చెప్పలేం. ఆ వరుసల పక్కన రెండు తేదీలనూ చూపి, ధ్రువపడలేదన్న గుర్తు పెట్టి ప్రచురించాం. ఆ కాలపు పుస్తకం నకలు హార్డ్ డిస్కులో ఉండవచ్చని కుటుంబ సభ్యులు చెబుతున్నారు.